వార్తలన్నీ ఫోన్లో వస్తున్నాయి కదా అనేవాళ్లకు ఒక పేపర్ ఏజెంటు కొడుకు జవాబు

అడిగిన ప్రశ్న ఇది: "ప్రజాస్వామ్యానికి స్వతంత్ర పత్రికలు ప్రాణం అంటారు. ఇప్పుడు వార్తలన్నీ ఫోన్లోనే వచ్చేస్తున్నాయి. పత్రికలు లేకపోతే నిజంగా వచ్చే నష్టం ఏమిటి?"

ఆ నష్టం ఏమిటో మా వీధిలో కళ్లారా చూశాను కాబట్టి రాస్తున్నాను. ఫోన్లోకి వార్త దానంతటదే రాదు. ఎవరో ఒకరు బండేసుకుని వెళ్లి, నలుగురిని అడిగి, ఆఫీసులో కూర్చున్నవాళ్ల చేత మాటలు పడి, రాసుకొస్తేనే అది వార్త అవుతుంది. ఆ తర్వాతే ఫోన్లోకి ఎక్కుతుంది. ఆ రాసినవాడికి డబ్బు ఎవరిస్తున్నారు, ఎవరి గురించి రాస్తే ఆ డబ్బు ఆగిపోతుంది అని అడగండి. పత్రిక స్వతంత్రంగా ఉందో లేదో అక్కడే తేలిపోతుంది.

మాది విశాఖపట్నం, పెదవాల్తేరు. మా నాన్న చాలా ఏళ్లు పేపర్ ఏజెంటు. తెల్లవారకముందే కట్టలు విప్పడం, మధ్యలో పాంప్లెట్లు పెట్టడం, కుర్రాళ్లు రాని రోజు నేనే సైకిలెక్కడం, నెలాఖరుకి బిల్లుల కోసం ఇల్లిల్లూ తిరగడం, ఇదీ నా చిన్నతనం. నాన్న ఒక మాట తరచూ చెప్పేవారు. ఒకప్పుడు విజయవాడలో అచ్చయిన పేపర్ రైల్లో వచ్చి, పొద్దెక్కాక గానీ ఇక్కడ చేతికందేది కాదట. 1974 ఆగస్టు 10న సీతమ్మధారలో ఈనాడు పత్రిక మొదలయ్యాక తెల్లారేసరికి పేపర్ గుమ్మంలో పడటం, అందులో మన ఊరి సంగతులు ఉండటం అలవాటైంది. జనం అదివరకు పేపర్లో హైదరాబాదు, ఢిల్లీ చూసేవాళ్లు. మన వార్డులో కుళాయి రాకపోయినా పేపర్లో పడుతుందని అప్పుడు తెలిసొచ్చింది.

ఏడాది తిరక్కుండానే ఎమర్జెన్సీ వచ్చింది. 1975 జూన్ 25 రాత్రి ఢిల్లీలో పత్రికాఫీసులుండే బహదూర్ షా జఫర్ మార్గ్‌కి కరెంటు తీసేశారు. జూన్ 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సెన్సార్‌కి నిరసనగా సంపాదకీయం ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలి అచ్చేసింది. ఇవి చాలామందికి తెలిసినవే. నాకు మనసులో నలిగే విషయం వేరే ఉంది. 1977 మార్చి ఎన్నికల్లో ఉత్తరాది మొత్తం కాంగ్రెస్‌ని ఊడ్చేసింది, ఇందిరా గాంధీ రాయ్‌బరేలీలో ఓడిపోయారు. మన రాష్ట్రంలో మాత్రం 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా తరఫున గెలిచారు. దీనికి చదువుకున్నవాళ్లు రకరకాల కారణాలు చెబుతారు. నా గట్టి నమ్మకం ఒకటే. ఉత్తరాదిలో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, ఇళ్ల కూల్చివేతలు నేరుగా జనం మీదికే వచ్చాయి, పేపర్ రాయకపోయినా వాళ్లకు తెలిసింది. మనకు పేపరే చెప్పాలి, ఆ పేపర్ నోరు కట్టేశారు. మనవాళ్లు అమాయకులు కారు. వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. ఎవరైనా కాదంటే వాదించడానికి నేను సిద్ధం.

సరే, మా వీధి సంగతికి వస్తాను.

2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను. ఆ రోజు విశాఖలో ఉన్నవాళ్లకు నేను వర్ణించి చెప్పనక్కర్లేదు. లేనివాళ్లకు ఎంత చెప్పినా ఆ గాలి చప్పుడు అర్థం కాదు. తెల్లారి చూస్తే బీచ్ రోడ్డు నుంచి మా వీధి దాకా చెట్టన్నది నిలబడి లేదు. కరెంటు స్తంభాలు రోడ్డుకి అడ్డంగా పడున్నాయి. ఫోన్లు పనిచేయవు. ఏటీఎంలు పనిచేయవు. పాల ప్యాకెట్ ధర అడిగితే గుండె ఆగేది, పెట్రోల్ బంకు దగ్గర క్యూ మలుపు తిరిగి కనపడకుండా పోయింది. సముద్రం మళ్లీ లోపలికి వస్తుందని ఒకరు, ఇంకో తుఫాను వెనకాలే ఉందని ఇంకొకరు. ఏది నిజమో చెప్పే దిక్కు లేదు.

ఆ పరిస్థితిలో మా ఇంటికి పేపర్ కట్ట వచ్చింది. మామూలుగా వచ్చే కాపీల్లో చిన్న వంతు. పక్క జిల్లాలో ప్రింట్ చేసి, దారిలో చెట్లు నరుక్కుంటూ తెచ్చామని వ్యాన్ డ్రైవర్ చెప్పాడు. అందరికీ వేయడానికి చాలవు. అందుకని నాన్న అరుగు మీద కుర్చీ వేసుకుని పైకి చదవడం మొదలుపెట్టారు. అప్పటికే ఆయనకి చూపు మందగించింది, అక్షరాలు ముక్కుకి ఆనించుకుని చదివేవారు. ముందు చుట్టుపక్కల ఇళ్లవాళ్లు, తర్వాత పెదజాలరిపేట నుంచి ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. వాళ్ల పడవలు ముక్కలైపోయాయి, వలలు కొట్టుకుపోయాయి.

మొదటి పేజీ వార్తలు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ప్రధాని వచ్చి వెయ్యి కోట్లు ప్రకటించారని చదివితే తలూపారు. లోపలి పేజీలో ఒక చిన్న బాక్సు ఉంది. ప్రభుత్వం ఇచ్చే తుఫాను సాయం ఎవరికెంత అని. బాధిత కుటుంబానికి 25 కిలోల బియ్యం, మత్స్యకార కుటుంబానికి 50 కిలోలు. నాన్న అది చదవగానే ఒక పెద్దావిడ లేచి నిలబడింది.

"బాబూ, మళ్లీ సదువు. మాకెంతని ఏసినారు?"

"యాభై కిలోలమ్మా."

"మా రేషన్ డిపోవాడు పాతిక ఇచ్చి, ఇంతే వచ్చిందన్నాడు. ఏలిముద్ర కూడా ఎయించుకున్నాడు."

పక్కనున్న ఆడవాళ్లందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. ఒకామెకి పాతికన్నా తక్కువే తూగింది. ఇంకొకామెకి ఆ పాతిక కూడా లేదు, కార్డు తుఫానులో తడిసి ముద్దయిపోయిందని తిప్పి పంపేశారు. ఆ పెద్దావిడ పేపర్ అడిగింది. నాన్న మారుమాట్లాడకుండా ఇచ్చేశారు. ఆ ఒక్క పేజీ పట్టుకుని అందరూ డిపోకి వెళ్లారు. నేనూ వెళ్లాను. డీలర్ ఆ పేజీ చూసి, పేపర్ వాళ్లు ఏదో రాస్తారు, మా దగ్గరికి ఆర్డర్ రావాలి అన్నాడు. ఆర్డర్ వచ్చిందో లేదో మేం ఎలా కనుక్కుంటాం? ఫోన్లు లేవు, ఆఫీసులో ఎవరూ లేరు, ఉన్నవాళ్లు చెట్లు తీయించే పనిలో ఉన్నారు.

అప్పుడు మా ఏరియాకి ఒక కుర్రాడు కంట్రిబ్యూటర్‌గా, అంటే పేపర్‌కి వార్తలు రాసి పంపేవాడిగా ఉండేవాడు. రోజూ మా అరుగు మీద టీ తాగేవాడు కాబట్టి నాన్న కబురు పంపారు. పాత స్కూటరు, చొక్కా జేబులో చిన్న పుస్తకం. వచ్చి, ముందు డీలర్‌తో గొడవ పెట్టుకోలేదు. జాలరిపేటలో ఇల్లిల్లూ తిరిగి ఎవరికెంత తూకం వచ్చిందో, వేలిముద్ర వేయించుకున్నారో లేదో రాసుకున్నాడు. తర్వాత డీలర్ దగ్గరికి వెళ్లి, మీరేమంటారు అని అడిగి అదీ రాసుకున్నాడు. ఆ పైన అధికారిని వెతుక్కుంటూ వెళ్లి, జాలరిపేటకి ఎంత సరుకు పంపారో లెక్క అడిగాడు. అధికారి చెప్పిన లెక్కకీ, ఇళ్ల దగ్గర తేలిన లెక్కకీ పొంతన లేదు. రెండూ పక్కపక్కన పెట్టి, డీలర్ వివరణతో సహా సింగిల్ కాలమ్ వార్త పంపాడు. జిల్లా పేజీలో కింద మూల పడింది. ఫొటో కూడా లేదు.

అది పడిన మర్నాడే తూకం మళ్లీ వేశారు. ఈసారి పక్కన ఒక ఉద్యోగి నిలబడి వేయించారు. కార్డు తడిసినామెకి కూడా ఇచ్చారు.

సోషల్ మీడియా చాలు అనేవాళ్లను ఒకటి అడుగుతాను. ఆ రోజు ఫోన్లు పనిచేసి ఉంటే ఏమయ్యేది? ఆ ఆడవాళ్ల ఏడుపుని ఎవరో వీడియో తీసేవాళ్లు. లక్షమంది చూసి బాధపడేవాళ్లు. డీలర్ ఇంకో వీడియో పెట్టి అబద్ధం అనేవాడు. రెండు వీడియోల మీద రెండు పార్టీలవాళ్లు తిట్టుకునేవాళ్లు. సరుకు లెక్క అడగడానికి ఆఫీసుకి ఎవరు వెళ్లేవాళ్లు? వెళ్లినా, నువ్వెవరు అని అడిగితే ఏం చెప్పేవాళ్లు? ఆ కుర్రాడి వెనక ఒక పత్రిక పేరు ఉంది. తప్పు రాస్తే జవాబు చెప్పాల్సిన బాధ్యత ఆ పేరుకి ఉంది. అధికారి లెక్క చెప్పింది అందుకే.

ఆర్థికవేత్త అమర్త్య సేన్ చెప్పిన ఒక మాట ప్రపంచమంతా ప్రసిద్ధి చెందింది. ప్రజాస్వామ్యం, స్వేచ్ఛ గల పత్రికలు ఉన్న చోట పెద్ద కరువు చావులు జరగవని. 1943లో బెంగాల్లో లక్షలమంది ఆకలితో చస్తుంటే ప్రభుత్వం కరువు అన్న మాటే ఒప్పుకోలేదు. స్టేట్స్‌మన్ సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ ఆగస్టు 22న కలకత్తా వీధుల్లో పడి ఉన్నవాళ్ల ఫొటోలు అచ్చేశాక లండన్ దాకా కదిలింది. చైనాలో 1958 నుంచి 1961 దాకా అంతకన్నా ఘోరం జరిగితే రాసే పత్రికే లేదు. ఇవన్నీ నేను తర్వాత చదువుకున్నవి. చదువుతుంటే మా జాలరిపేట బియ్యమే గుర్తొచ్చింది. జాలరిపేటలో ఎవరూ చావలేదు, అంత పోలిక లేదు. కానీ తిండిగింజలు గోడౌన్లో ఉండి కూడా మనిషికి ఎలా అందకుండా పోతాయో, అందేలా చేయడానికి ఏం కావాలో రెండు చోట్లా ఒకటే.

ఆ కుర్రాడికి తర్వాత ఏమైందో చెబుతాను. ఇది చెప్పాలనే ఇంత రాస్తున్నాను.

తుఫాను వచ్చిన పదకొండో రోజు దీపావళి. పండగంటే పేపర్లో శుభాకాంక్షల ప్రకటనలు. అవి తేవాల్సింది ఎవరు? వార్తలు రాసే ఆ కంట్రిబ్యూటరే. బయటివాళ్లకి ఇది తెలియదు. కంట్రిబ్యూటర్లకి చాలాచోట్ల జీతం ఉండదు. అచ్చయిన వార్తని కొలిచి లైన్ అకౌంట్ కింద ఇచ్చేది పెట్రోలుకి చాలదు. యాడ్స్ తెస్తే అందులో కమీషన్. దసరా, దీపావళి, జనవరి ఒకటి, సంక్రాంతి, లోకల్ లీడర్ల పుట్టినరోజులు, ప్రతిదానికీ టార్గెట్. ఎవరి మీద వార్త రాయాలో వాళ్ల గుమ్మంలోనే యాడ్ కోసం నిలబడాలి. ఆ దీపావళికి మా వైపు వ్యాపారులు ఒకరిని చూసి ఒకరు అతనికి మొహం చాటేశారు. బియ్యం వార్త రాశాడని. టార్గెట్ అందలేదు. పైనుంచి ఫోన్లు, టెన్షన్. సంక్రాంతికీ అంతే. ఇంట్లో చిన్నపిల్ల, అద్దె. కొన్నాళ్లకి మానేశాడు. ఇప్పుడు మధురవాడ వైపు ప్లాట్లు అమ్మే కంపెనీలో పనిచేస్తున్నాడు, బాగానే సంపాదిస్తున్నాడు. అతని మీద నాకు గౌరవమే తప్ప కోపం లేదు. కోపమల్లా ఆ ఏర్పాటు మీద. ఏ పత్రిక అని అడగకండి, చెప్పను. ఒక్కదానిలో ఉన్న జబ్బు కాదది.

పత్రికా స్వేచ్ఛ అనగానే అందరూ జైళ్లు, కేసులు అంటారు. అవీ ఉన్నాయి. 1988లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం పరువు నష్టం బిల్లు తెచ్చింది, జర్నలిస్టులు రోడ్డెక్కితే వెనక్కి తీసుకుంది. మన రాష్ట్రంలో 2007లో 938 జీవో, 2019లో 2430 జీవో, రెండూ పత్రికల మీద కేసులు వేసే అధికారం ఆఫీసర్ల చేతిలో పెట్టినవే. ముఖ్యమంత్రులు వేరు, పార్టీలు వేరు, ఆలోచన మాత్రం ఒక్కటే. కానీ నేను చూసినంతవరకు మన ఊళ్లో వార్తలు చచ్చిపోయేది కేసులవల్ల కాదు. డబ్బు దారి మూసేయడం వల్ల. మన సుప్రీంకోర్టు ఈ సంగతి ఎప్పుడో పట్టుకుంది. ఇన్ని పేజీలకి ఇంత ధర అని ప్రభుత్వం కట్టడి పెడితే, పుణె నుంచి వచ్చే సకాళ్ పత్రిక కోర్టుకెళ్లింది. పత్రిక ధర మీద, పేజీల మీద చెయ్యి వేస్తే భావప్రకటన స్వేచ్ఛ మీద చెయ్యి వేసినట్టేనని 1961లో తీర్పు వచ్చింది. ఏజెంటు కొడుకుగా నాకు అన్ని తీర్పుల్లోకీ ఇదే ఇష్టం.

ఇంకో బాధ కూడా ఇక్కడే చెప్పేస్తాను. పొద్దున్నే పేపర్ తెరిస్తే మొదటి పేజీ పేజీ కాదు, నిండా ప్రకటన. తిప్పితే ఇంకో ప్రకటన. ఏ ప్రభుత్వం ఉంటే ఆ ప్రభుత్వ ప్రకటనలు ఎవరికి దండిగా వస్తున్నాయో, ఎవరికి అసలు రావట్లేదో వరసగా వారం రోజులు చూస్తే చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. టీవీల సంగతి అయితే చెప్పనే అక్కర్లేదు. ఛానెల్ పేరు చెబితే పార్టీ పేరు చెప్పేస్తారు మా వీధిలో. సాయంత్రం చర్చలో నలుగురు అరుచుకుంటుంటే మన వార్డులో కాలువ ఎవరు పూడ్చారన్నది ఎవరికి పడుతుంది? ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్లి చూడండి, పెద్దవాళ్లు ఒకే రోజు నాలుగు పేపర్లు పక్కపక్కన పెట్టుకుని చదువుతారు. ఏది ఎవరు దాచారో వాళ్లకే తెలుస్తుంది. అందరికీ అంత తీరిక ఎక్కడిది?

రాసే మనిషి లేకపోతే ఏమవుతుందో అంతకంటే పెద్ద రుజువు 2020 మే 7. లాక్‌డౌన్ రోజులు. తెల్లవారుజామున విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషపు ఆవిరి లీకైంది. నిద్రలో ఉన్నవాళ్లు ఉన్నట్టే కూలిపోయారు. 12 మంది చనిపోయారు. ఆ రాత్రి మళ్లీ లీకైందని ఫోన్లలో తిరిగితే జనం పిల్లల్ని చంకనేసుకుని రోడ్ల మీదికి పరుగెత్తారు, పోలీసులు వచ్చి అలాంటిదేమీ లేదని చెప్పాల్సి వచ్చింది. ఫోన్ చేసిన మేలు అది. మర్నాడు పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఎవరూ కేసు వేయకుండానే, పత్రికల్లో, టీవీల్లో వచ్చిన వార్తల ఆధారంగా తనంతట తానే విచారణకి తీసుకుని, 50 కోట్లు డిపాజిట్ చేయమని కంపెనీని ఆదేశించింది.

అయినా నాకు ఇక్కడ తృప్తి లేదు. చావులు జరిగాక విలేకరులు బయటపెట్టిన సంగతేమిటంటే, ఆ ఉత్పత్తికి తగిన పర్యావరణ అనుమతి తన దగ్గర లేదని 2019 మేలో ఆ కంపెనీయే అఫిడవిట్ ఇచ్చుకుంది. అంటే ఏడాది ముందే ఆ కాగితం ఆఫీసులో ఉంది. గోడ అవతల ఉన్న ఊరికి తెలియదు. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది, పది రూపాయలు కట్టి అడిగితే 30 రోజుల్లో కాగితం ఇవ్వాలి. అడగాలంటే అలాంటి కాగితం ఉంటుందని ముందు అనుమానం రావాలి. ఆ అనుమానం రావడమే ఉద్యోగంగా ఉన్న మనిషి కావాలి. గోపాలపట్నం వైపు పరిశ్రమలు, అనుమతులు, గడువులు అన్నీ చూసుకోమని ఒక విలేకరికి నెలజీతం ఇచ్చి, యాడ్స్ అడగకుండా వదిలేసి ఉంటే ఆ కాగితం ముందే పేపర్లో పడేదని, పడితే ఆ పన్నెండు మంది బతికేవాళ్లని నేను నమ్ముతాను. రుజువు చూపించమంటే చూపించలేను. కానీ మా జాలరిపేటలో ఒక సింగిల్ కాలమ్ ఏం చేసిందో చూసినవాణ్ని, నన్ను ఎవరూ మార్చలేరు.

కాబట్టి ప్రశ్న అడిగినవారికి, అలాగే "అన్ని పత్రికలూ ఏదో ఒక పార్టీవే, ఎందుకు కొనాలి" అని కామెంట్లు పెట్టేవాళ్లకి నేను చెప్పేది ఇదే. అది నిజమే అనుకుందాం. అయినా ఒక పార్టీ వైపు మొగ్గే పేపర్ కూడా జిల్లా పేజీలో మీ వార్డు మురుగు గురించి నిజమే రాస్తుంది, రాసే మనిషి ఉంటే. మీరు కొనడం మానేస్తే మొదట పోయేది సంపాదకుడి కుర్చీ కాదు, ఆ జిల్లా పేజీ, ఆ కంట్రిబ్యూటర్. ఇప్పటికే చాలా పేజీలు కుదించేశారు, కోవిడ్ తర్వాత మరీను. వీలైతే ఎదురెదురు వర్గాల పేపర్లు రెండు వేయించుకోండి. ఫోన్లోనే చదువుతానంటే డబ్బు కట్టి చదవండి. మీ ఏరియా విలేకరి ఎవరో కనుక్కుని నంబరు రాసి పెట్టుకోండి. అతనికి వీడియో ఫార్వర్డ్ చేస్తే సరిపోదు, మీ దగ్గరున్న రసీదు, అర్జీ కాపీ, తూకం చీటీ ఇవ్వండి, మీ పేరుతో మాట్లాడండి. పండగకి ప్రకటన అడగడానికి వస్తే, మీకు వ్యాపారం ఉంటే, ఇచ్చి పంపండి. మీ మీద రాసిన నెలలో వచ్చినా సరే.